తల ఎత్తి వాయించే అలవాటు

గిటారు మీద తీగలన్నీ కలిపి పెద్ద కార్డ్ కొట్టేటప్పుడు నేను తల ఎత్తి పైకి చూస్తాను. మదనపల్లెలో నన్ను ఎరిగిన వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. వినాయక చవితి పందిట్లో మా ఆర్కెస్ట్రా వాయిస్తుంటే ముందు వరసలో వాళ్ళు నేను చూసిన వైపే చూస్తారు, అక్కడ ఏమీ లేకపోయేసరికి నవ్వుతారు. పందిరి కారుతుందేమోనని భయమట నాకు, ఒకడంటాడు. మరచిపోయిన స్వరాలు పైన రాసి పెట్టుకున్నానట, ఇంకొకడంటాడు. ఇంట్లో సాధన చేస్తుంటే మా ఆవిడ చీపురు తెచ్చి పక్కన పెడుతుంది, ఎలాగూ పైకే చూస్తున్నారు కదా, ఆ బూజు దులిపేయండి అని. నవ్వుకోనీలే అనుకుంటాను. ఈ అలవాటు నాకు సారు దగ్గర అబ్బింది. సారు దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు పూర్తిగా వచ్చింది ఇదొక్కటే.

సారు కుప్పంలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇల్లు ఊరి చివర, పొలాల పక్కన. చిన్నతనమంతా కోలారు బంగారు గనుల ఊళ్ళో గడిచింది. అక్కడి క్లబ్బులో శనివారం శనివారం ఇంగ్లీషు రాక్ పాటలు వాయించే బృందం ఒకటి ఉండేదట. మొదట తలుపు దగ్గర నిలబడి విన్నాడు, తర్వాత వాళ్ళ సామాను మోశాడు, చివరికి వాళ్ళలో ఒకడై గిటారు పట్టుకున్నాడు. గనులు దెబ్బతిని క్లబ్బు మూతబడ్డప్పుడు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోతుంటే, సారు మాత్రం గిటారు మోతను పెంచే ఒక పాత వాల్వుల ఆంప్లిఫయరు అడిగి తెచ్చుకున్నాడు. మేమంతా దాన్ని పెట్టె అనేవాళ్ళం. స్విచ్ వేశాక లోపలి గాజు బుడ్లు ఎర్రగా కాగేదాకా గమ్మున కూర్చోవాలి. ఆ కాస్సేపు సారు కూడా మాట్లాడేవాడు కాదు.

నాది పుంగనూరు. డిగ్రీ చదవడానికి కుప్పం వచ్చి, సారు వాళ్ళ వీధిలోనే రూములో ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం పాలకని బయల్దేరి లోపల గిటారు మోత విని ఆ ఇంటి ముందు ఆగిపోయాను. ఆ మోత ఎలా ఉండేదో చెప్పాలంటే ఇప్పటికీ నాకు మాటలు తడుముకోవాల్సిందే. తీగ మీటగానే గరగరమని మొదలయ్యేది. వెంటనే కాస్త కుంగేది. కుంగి, మెత్తబడి, మళ్ళీ మెల్లగా ఊపిరి తీసుకుని పైకి లేచేది. వేడి బెల్లం పాకాన్ని గరిటెతో ఎత్తితే తీగ సాగుతుందే, అలా తెగకుండా సాగేది. పాల సంగతి మరిచిపోయాను. మర్నాడు సిగ్గు విడిచి తలుపు తట్టాను.

పాఠం ఎప్పుడూ సాయంత్రమే. సారు డ్యూటీ నుంచి వచ్చి, మొహం కడుక్కుని, అమ్మ ఇచ్చిన టీ తాగి కూర్చునేవాడు. అమ్మ అంటే సారు భార్య. మేము ఇద్దరు ముగ్గురం చాప మీద. పెద్ద కార్డ్ వచ్చేసరికి సారు తల పైకి లేచేది, కనుబొమలు ముడిపడేవి, దవడ బిగుసుకునేది. అబ్బా, ఏమి లీనమైపోతాడురా ఈ మనిషి అనుకునేవాళ్ళం. చిన్నగా ఒకరి తర్వాత ఒకరం మేమూ మొదలుపెట్టాం. కార్డ్ సరిగా పలికినా పలకకపోయినా తల మాత్రం ఖచ్చితంగా లేచేది. ఎందుకు చూస్తారు సార్ అని ఎవరం అడగలేదు. గురువు పాడేటప్పుడు చెవి మూసుకుంటే శిష్యుడూ మూసుకుంటాడు గానీ ఎందుకని అడుగుతాడా?

డిగ్రీ ఆఖరి ఏడు బాగా గుర్తు. ఆ వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పొలాల్లోని బాయి మోటార్ల లైను వేరు చేసి, ఇళ్ళకు వేరే లైను ఇచ్చారు. వీధివాళ్ళు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచారు. నా రూములో ఫ్యాను మొట్టమొదటిసారి గాలి విసిరింది. ఆ ఏడే, పరీక్షలకు ముందు, చాప మీద నేనొక్కణ్ణే మిగిలిన రోజుల్లో, సారు నన్ను పంపించేశాడు.

"ఇంక రావద్దప్పా. యాడన్నా వేరే సోట నేర్సుకో," అన్నాడు. అంతే. కారణం లేదు. చాప చుట్టి గోడకు ఆనించి లోపలికి పోయాడు.

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, బాగానే ఏడ్చాను. నా చేతుల్లో పస లేదని ఆయనకు తెలిసిపోయింది, మొహం మీద చెప్పలేక పంపేశాడని అనుకున్నాను. ఆ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. స్టేజీ ఎక్కిన ప్రతిసారీ మొదటి తీగ మీటేముందు, చూస్తున్న వాళ్ళకు ఇప్పుడు తెలిసిపోతుంది, వీడికి రాదని, అనిపిస్తుంది.

తర్వాత బతుకు తెరువు మదనపల్లెకు తెచ్చింది. బాయి మోటార్లు, స్టార్టర్లు, స్టెబిలైజర్లు అమ్మే అంగడి నాది. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు గుర్రంకొండ రైతు ఒకరు, సోమల రైతు ఒకరు, మోటారు ఎత్తుకోవడం లేదని, ఊరికే ట్రిప్పై ఆగిపోతోందని వస్తూనే ఉంటారు. సారును నేను పూర్తిగా వదిలేయలేదు. ఏడాదికో రెండేళ్ళకో కుప్పం వైపు పనిపడితే పోయి పలకరించేవాణ్ణి. ఆదరించేవాడు, అన్నం పెట్టించేవాడు. గిటారు మాత్రం గుడ్డ కవరులో మూలన నిలబడి ఉండేది. దాని ఊసు ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. ఈమధ్య పెట్టె కూడా కాలిపోయిందని, మోటార్లకు వైండింగు చేసేవాడు దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇచ్చినా అది మళ్ళీ లేవలేదని అమ్మ చెప్పింది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదలు. నంబరు చూడగానే కౌంటరు వదిలి బయటికి వచ్చేశాను, ఏమి వినాల్సి వస్తుందోనని.

"గిటారు ఇచ్చేస్తాండాడప్పా," అంది. "బెంగళూర్లో ఎవరో హోటలాయనంట. ఆదివారం వచ్చి ఎత్తుకపోతాడంట. వాయించేదానికి గూడా కాదు, హోటల్లో గోడకు మేకు కొట్టి తగిలిస్తాడంట."

ఎందుకమ్మా అన్నాను. పెట్టె కాలిపోయినప్పటి నుంచి ఇంట్లో మాటే తగ్గిపోయిందని, పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా అదే కుర్చీ అని, అడిగితే మోత సచ్చిపాయె, ఇంకెందుకు అంటున్నాడని చెప్పింది. గిటారు కూడా గడప దాటితే ఆ మనిషి ఉండీ లేనట్టే అయిపోతాడని ఆమె భయం. వచ్చి నాలుగు మాటలు చెప్పు, నీ మాటైతే వింటాడు అంది. నా మాట వింటాడట! చాప చుట్టేసి పంపించిన మనిషి.

మాటలతో సారును తిప్పగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు. మోత చచ్చిపోయిందంటే మోతనే తీసుకుపోవాలి. నా దగ్గర ఒక ఎఫెక్ట్స్ పెడల్ ఉంది. కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న రేకు మిషను. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్ల నకళ్ళు దాని లోపల బోలెడున్నాయి. ఏ కాలపు రాక్ గిటారు మోత కావాలంటే ఆ కాలపు మోత తెప్పించుకోవచ్చు. తెప్పించుకోవచ్చు గానీ ఊరికే రాదు. దేన్ని ఎంత తిప్పాలో, దేనికి దేన్ని జత చేయాలో తెలియాలి. అసలు మోత ఎలా ఉండేదో చెవిలో ఉండాలి. నా చెవిలో ఉంది. పైగా నా దగ్గర ఒక క్యాసెట్టు ఉంది. చదువుకునే రోజుల్లో సారు వాయిస్తుంటే రికార్డు చేసుకున్నది. కరెంటును నమ్మలేక టేప్ రికార్డరులో సెల్లులు వేసి మరీ రికార్డు చేశాను.

ఆదివారంలోపల. అదొక్కటే బుర్రలో మోగుతూ ఉండేది. అంగట్లో కౌంటరు కింద పెడల్ పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. ఒక నకలు ఎంచుకోవడం, గరగర కోసం గెయిన్ పెంచడం, బాస్ తగ్గించడం, ట్రెబుల్ ఎక్కువైందని దాన్ని దించడం, ఒకసారి క్యాసెట్టు వినడం, మళ్ళీ మొదటికి రావడం. సోమల నుంచి ఒక రైతు వచ్చి, సాయంత్రమైతే వోల్టేజ్ పడిపోతోంది, మోటారు మూలుగుతోంది, ఏమి చేయమంటావు అంటే, గెయిన్ తగ్గించి చూడప్పా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి పక్కంగడికి పోయాడు.

హెడ్‌ఫోన్లలో కుదిరిందనుకున్నది ఇంటికొచ్చి మా ఆర్కెస్ట్రా స్పీకరుకు తగిలిస్తే రేకు డబ్బా మీద గీకినట్టు వినిపించింది. చిన్న మోతలో తియ్యగా ఉండేది పెద్ద మోతలో చెవులు కోస్తుంది. ఇది తెలిసీ ప్రతిసారీ ఇదే తప్పు చేస్తాం మేము గిటారు వాళ్ళం. మళ్ళీ మొదలు. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టారు. మా ఆవిడ ముందు కసురుకుంది, తర్వాత నా మొహం చూసి తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టింది. అన్నం కంచం తెచ్చి పెడల్ పక్కన పెట్టి, ఆ మనిషి మిమ్మల్ని పంపించేశాడు కదా, ఇంత తల్లడిల్లడం యాల మీకు అంది. నేను కంచం పక్కకు జరిపి గెయిన్ ఇంకొంచెం దించాను.

శుక్రవారానికి చాలావరకు వచ్చేసింది. గరగర వచ్చింది, ఆ వెచ్చదనం వచ్చింది. కళ్ళు మూసుకుంటే సారు ఇంటి చాప వాసన కూడా వచ్చింది. ఒక్కటి రాలేదు. తీగ మీటగానే ఆ మోత కుంగేది కదా, కుంగి లేచేది కదా, అది లేదు. నాది మీటగానే నిటారుగా వచ్చి మొహానికి తగులుతుంది. నొక్కి మెత్తబరిచే కంప్రెసర్ జోడించాను, అది కాదు. ప్రతిధ్వని జోడించాను, అదీ కాదు. పాత క్యాసెట్టు సాగిపోయిందిలే, అందులో వినిపించేది టేపు లోపమేలే అని సర్దుకున్నాను. సర్దుకున్నానే గానీ లోపల నమ్మకం కుదరలేదు.

శనివారం పొద్దున్నే మోటార్లు చేరవేసే మా అంగడి వ్యానులో స్పీకరు, పెడల్, నా గిటారు ఎక్కించి బయల్దేరాను. పెడల్‌ను ముందు సీట్లో పెట్టి చంటిపిల్లకు కట్టినట్టు బెల్టు కట్టాను. పుంగనూరు దాటకముందే వ్యాను ఆపి, దానికి కరెంటిచ్చే అడాప్టరు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. కానీ అదేనా? ఆ పెడల్ పిన్నులో పాజిటివ్ నెగెటివ్ మామూలు వాటికి తలకిందులు. ఇంట్లోని మోడెం అడాప్టరు పొరపాటున తెచ్చి గుచ్చితే పెడల్ క్షణంలో కాలిపోతుంది. పలమనేరులో మళ్ళీ ఆపి సంచిలోంచి తీసి దాని మీది గుర్తు చూసుకున్నాను. వెంకటగిరికోట దాటాక టమోటా లారీ ఒకటి దారివ్వకుండా ముందు పోతుంటే దాని మీద అరిచాను, పాపం దానికేమి తెలుసు. సారు విని, ఇదా నా మోత అంటే? మొహం తిప్పుకుంటే? గిటారు రేపు పోవాల్సింది ఈ రోజే ఇచ్చేస్తే? నేను పోకుండా ఉంటేనే మంచిదేమో అని కుప్పం చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను.

సారు వరండాలో కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. వ్యానులోంచి స్పీకరు దించుతుంటే చూసి, దారి వదిలి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అమ్మ సంగటీ, నంచుకోవడానికి ఊరిబిండీ పెట్టింది. గిటారు అప్పటికే కవరులోంచి తీసి, తుడిచి, గోడకు ఆనించి ఉంది. ఇచ్చేసేముందు శుభ్రం చేశారన్నమాట.

చీకటి పడేముందు చివరికి చెప్పేశాను. సార్, పెట్టె మోత తెచ్చాను, ఒకసారి వాయించి చూడండి అన్నాను. వద్దన్నాడు. అమ్మ వచ్చి గిటారు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆమెతో వాదించలేక తీగలు శ్రుతి చేశాడు. నేను వైరు గుచ్చాను. పెడల్ కాలలేదు, దేవుడి దయ. సారు నాలుగు స్వరాలు వాయించాడు, ఒక పెద్ద కార్డ్ కొట్టాడు, ఆపేశాడు. ముందు పెడల్‌ను చూశాడు. తర్వాత కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మిషను బాగానే ఉండాదప్పా. శానా బాగా చేసినావు," అన్నాడు. "నా వేళ్ళే పోయినాయి. పెట్టె కాలింది ఇప్పుడు. నా మోత ఎప్పుడో పోయింది, పెట్టె బాగుండంగానే పోయింది. ఎంత వాయించినా రేకు మోగినట్టు మోగతా ఉండె. నాకే రానిది నీకేమి నేర్పుతాను? అందుకే నిన్ను రావద్దంటిని."

ఇన్నేళ్ళూ ఆ పుంగనూరు బస్సు కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాను నేను. ఆయన పంపించింది నా చేతులు చూసి కాదట, తన చేతులు చూసుకునట. సంతోషపడాల్సింది పోయి నాకు ఇంకా దిగులేసింది. ఆయన గిటారు నా ఒళ్ళోకి నెట్టి, నువ్వన్నా వాయించు, వింటాను అన్నాడు. నా చేతులు వణుకుతున్నాయి. వణుకుతూనే మొదలుపెట్టాను. పెద్ద కార్డ్ వచ్చింది, నా తల లేచింది.

దీపం పెట్టడానికి వచ్చిన అమ్మ గుమ్మంలో ఆగి ఫక్కున నవ్వింది. "నీకూ అంటుకునిందా ఆ రోగం? పైకి యాల సూస్తావు?"

సారు చూసేవారు కదమ్మా, అదే అలవాటైంది అన్నాను. మోతలో లీనమై అలా చూసేవారు కదా అని కూడా అన్నాను.

"లీనమా, పాడా! ఆయన సూసేది బల్బునప్పా," అంది అమ్మ. "సాయంత్రమైతే బాయి మోటార్లన్నీ ఒకేసారి వేస్తా ఉండిరి. ఈడ బల్బు ఎర్రగా, వత్తి మాదిరి అయిపోతా ఉండె. ఈయన గట్టిగా ఒకటి కొడితే ఇంకొంచెం తగ్గుతా ఉండె. పెట్టె యాడ కాలిపోతుందోనని బల్బు పక్కే సూసుకుంటా, బయపడతా వాయిస్తా ఉండె. ఇప్పుడు కరెంటు బాగుండాది కదా, నువ్వు యాల సూస్తావు?"

నవ్వుకుంటూ ఆమె దేవుడి గూటి వైపు పోయింది. సారు నిజమేనన్నట్టు తల ఊపాడు. నేను పైన ట్యూబులైటును చూశాను. తెల్లగా, నిశ్చలంగా వెలుగుతోంది.

రోజుకు పదిమంది రైతులకు లో వోల్టేజ్ మీద ఉపన్యాసమిచ్చే వెధవను నేను. కరెంటు తగ్గితే మోటారు ఎలా కుంగుతుందో, ఎలా మూలుగుతుందో, ఎలా తేరుకుంటుందో నాకంటే తెలిసిన వాడు మా వీధిలో లేడు. వాల్వు ఆంప్లిఫయరుకూ అంతే. చాలినంత కరెంటు అందకపోతే గట్టిగా కొట్టినప్పుడు అది తట్టుకోలేదు, కుంగుతుంది, మెత్తబడుతుంది, తర్వాత తేరుకుని లేస్తుంది. పాఠం సాయంత్రమే. మోటార్లు సాయంత్రమే. టేప్ రికార్డరులో సెల్లులు వేసుకున్నది కరెంటును నమ్మలేకే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కొబ్బరికాయ కొట్టిన ఏడాదే సారు మోత పోయింది. ఆ రోజు సారు కూడా బెల్లం తిన్నాడు, నేను చూశాను.

పెడల్‌లో అది ఉంటుందని నాకు తెలుసు. ప్రతి నకలుకూ తెర మీద రెండో పేజీలో సరఫరా వోల్టేజ్ తగ్గించుకునే గీత ఒకటి ఉంటుంది. నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. రోజంతా అంగట్లో ఆ తగ్గిన వోల్టేజ్‌తో తగువులాడే వాడికి, కావాలని తగ్గించుకునే బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది?

అప్పుడు పట్టుకుంది అసలు భయం. పొద్దుటినుంచి పడ్డదంతా దీని ముందు దిగదుడుపే. సారుకు సంగతి చెప్పి, వోల్టేజ్ తగ్గించి, వాయించమన్నాక కూడా ఆ మోత రాకపోతే? ఇప్పటిదాకా ఆయన తన వేళ్ళు పోయాయని అనుకుంటున్నాడు. అప్పుడు అది రుజువైపోతుంది. రుజువు చేసింది నేనే అవుతాను. వయసు డెబ్బై దాటింది, వేళ్ళు నిజంగానే పోయి ఉండవచ్చు కదా. చెప్పకుండా ఊరుకుంటే గిటారు రేపు గోడకెక్కుతుంది, ఆయన అనుమానం అనుమానంగానే మిగులుతుంది. ఏది మేలు? వంగి పెడల్ మీద చెయ్యి పెట్టి ఆలోచిస్తూ ఉండిపోయాను. చెమట చుక్క దాని అద్దం మీద పడింది.

చెప్పలేదు. చెప్పకుండానే రెండో పేజీ తెరిచి, ఆ గీతను వెనక్కి తెచ్చాను. ఎంత తేవాలో ఎవరిని అడగను? మోటారు మూలుగుతుంది, ట్రిప్పవదు, అక్కడికి తెచ్చి ఆపాను. నా వృత్తిలో ఆ చోటు నాకు బాగా తెలుసు. ఒక వైరు వదులుగా ఉండింది సార్, ఇంకోసారి వాయించండి అని అబద్ధమాడాను.

"వద్దప్పా. ఇంకోసారి వినలేను."

ఒక్కసారి సార్ అన్నాను. దేవుడి గూటి దగ్గర నుంచి అమ్మ తిరిగి చూసింది. సారు నా మొహంలో ఏమి చూశాడో, గిటారు తీసుకున్నాడు.

మొదటి స్వరాల్లో ఒకచోట వేలు జారింది. నా ప్రాణం పోయింది. కనుబొమలు ముడేసి ఆ చోటు మళ్ళీ వాయించాడు. తర్వాత పెద్ద కార్డ్ కొట్టాడు. మోత గరగరమని మొదలై, కుంగింది. కుంగి, మెత్తబడి, ఊపిరి తీసుకుని లేచింది. లేచి గదంతా నిండింది. అమ్మ చేతిలో అగ్గిపుల్ల చివరికంటా కాలిపోతున్నా ఆమె చూసుకోలేదు.

సారు తల లేచింది. దవడ బిగిసింది. కళ్ళు ట్యూబులైటు మీద నిలిచాయి.

లైటు తగ్గలేదు. దాని వైపే చూస్తూ ఇంకొక కార్డ్ కొట్టాడు. మోత కుంగింది, లైటు మాత్రం అలాగే ఉంది. ఇంకొకటి కొట్టాడు. ఆ తర్వాత చెయ్యి తీగల మీద పెట్టి మోత ఆపి, నా వైపు తిరిగాడు.

"ఏమి చేసినావు?" అన్నాడు.

చెప్పాను. వోల్టేజ్ తగ్గించానని చెప్పాను. బాయి మోటార్ల సంగతీ, ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ చెప్పాను. మీ వేళ్ళు ఎక్కడికీ పోలేదు సార్, కరెంటు బాగుపడింది అంతే అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. సారు గిటారు మెడను పట్టుకున్న వేళ్ళను ఒక్కొక్కటే కదిలించి చూసుకున్నాడు.

"ఇన్నేండ్లు నేను బయపడింది దానికేనా?" అన్నాడు మెల్లగా. "బల్బు తగ్గితే సాలు, గుండె అదురుతా ఉండె నాకు. కరెంటు బాగైతే సాలని మొక్కుకుంటిని."

అమ్మ చేతిలోని కాలిన పుల్లను పారేసి, చెంగుతో మొహం తుడుచుకుంటూ, ఆ బెంగళూరాయనకు ఏమి చెప్పమంటావు అని అడిగింది. సారు ఆమె వైపు చూడలేదు. రావద్దని చెప్పు అన్నాడు. ఆమె ఫోన్ వెతుక్కుంటూ లోపలికి పోయింది, పోతూ గడపకు కాలు తట్టుకుంది.

సారు మూలన ఉన్న చాప తీసి, దుమ్ము దులిపి, నేల మీద పరిచాడు. నా గిటారు నా చేతికిచ్చాడు. నలభై దాటిన మనిషిని, మోకాళ్ళు పట్టేశాయి, అయినా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పెద్ద కార్డ్ కొట్టమన్నాడు. కొట్టాను. నా తల లేచింది.

"ముందు ఆ తలకాయ కిందికి దించు," అన్నాడు. "బయం నాది. నువ్వు యాల మోస్తావు?"

దించడం అంత తేలిక కాలేదు. కార్డ్ కొట్టినప్పుడల్లా మెడ దానంతట అదే లేస్తోంది, సారు మళ్ళీ మళ్ళీ ఆపి మొదటినుంచి వాయించమంటున్నాడు. లోపల అమ్మ ఫోన్లో ఎవరికో నచ్చజెబుతోంది. చివరికొకసారి తల లేవకుండా కొట్టాను. తీగల మీద ఉన్న నా వేళ్ళు నాకు కనబడ్డాయి. ఒక్కటి కూడా వణకడం లేదు.